కుడి మధ్య కాలు

మంగళవారం ఉదయం పది గంటల నలభై నిమిషాలకు, కీటకాల భద్రశాల రెండో అంతస్తులో, డెబ్బై మూడో సొరుగులో ఉన్న కందిరీగ కుడి మధ్య కాలు తీశారు. తీసింది మరదలు. అనుమతి ఫారం మీద సంతకం చేసింది వదిన.

ఇద్దరూ ఆ సంస్థలోనే పని చేస్తారు. వదిన ముప్ఫై ఒక్క ఏళ్లుగా సొరుగుల కీపరు, వాటిలో సూదులకు గుచ్చి దాచిన కీటకాలన్నీ ఆమె చేతి కింద ఉంటాయి. మరదలు ఎనిమిదేళ్లుగా కింది అంతస్తులోని డీఎన్ఏ ల్యాబు ఇన్‌చార్జి. వదిన తమ్ముడు మరదలి భర్త. పంతొమ్మిదేళ్ల కిందట జీపు లోయలో పడి చనిపోయాడు. పిల్లలు లేరు.

కందిరీగ పొడవు నాలుగు మిల్లీమీటర్లు. ఇది గూడు కట్టే రకం కాదు. గొంగళిపురుగు ఒంట్లో గుడ్లు పెడుతుంది. పిల్లలు లోపలే ఉండి పురుగును తింటాయి. గుండె, నరాలు ఆఖరికి ఉంచుతాయి, ముందే తింటే పురుగు చచ్చి తిండి కుళ్లిపోతుంది గనుక. తినడం అయ్యాక చర్మం చీల్చుకుని బయటికి వస్తాయి.

ఇరవై రెండేళ్ల కిందట వదిన ఈ కందిరీగను చూసి ఒక కొత్త ప్రజాతిని ప్రకటించింది. ప్రజాతి అంటే దగ్గరి చుట్టాలైన రకాలన్నిటికీ కలిపి ఉండే ఇంటిపేరు లాంటిది. ఆ పేరు తమ్ముడి పేరు మీద పెట్టింది. కందిరీగను తెచ్చింది తమ్ముడే. తర్వాతి ఏళ్లలో మరో పదమూడు రకాలు ఆ ఇంటిపేరు కింద చేరాయి. తమ్ముడి పేరు ఇప్పుడు ఇంకెక్కడా లేదు. అతను ఉన్న అద్దె ఇల్లు పడగొట్టారు. అతని ఫోటో ఒకటి వదిన బల్ల మీద, ఒకటి మరదలి బీరువాలో ఉన్నాయి.

గత సంవత్సరం మరదలి ల్యాబు ఆ పదమూడు రకాల డీఎన్ఏ చదివింది. పన్నెండు వందల జన్యువులు పోల్చి వంశవృక్షం గీసింది. పదమూడూ ఒక తల్లి పిల్లలు కావని తేలింది. తొమ్మిది ఒక కొమ్మ మీద పడ్డాయి. నాలుగు దూరంగా ఇంకో కొమ్మ మీద పడ్డాయి. ఆ నాలుగూ చేరిన వంశానికి అరవై ఏళ్ల ముందే వేరొకరు పెట్టిన పేరుంది.

జీవులకు పేర్లు పెట్టే ఈ శాస్త్రంలో పేరును ఒకే ఒక్క నమూనాకు కట్టేస్తారు. దాన్ని మూల నమూనా అంటారు. అది ఏ కొమ్మకు చేరితే పేరు అక్కడికే పోతుంది. డెబ్బై మూడో సొరుగులోని కందిరీగ తొమ్మిదింటి వైపు పడితే తమ్ముడి పేరు నిలుస్తుంది. నాలుగింటి వైపు పడితే పాత పేరు కింద కలిసిపోతుంది. తర్వాత ఎవరూ దాన్ని వాడరు.

అందుకని మంగళవారం కాలు తీయాల్సి వచ్చింది.

గదిలో ముగ్గురున్నారు. మూడో మనిషి భద్రశాల తలుపులు తీసి వేసే ఉద్యోగి. అందరూ అతన్ని తాళాలాయన అంటారు. రిటైర్ కావడానికి ఏడు నెలలుంది.

"వెనక కాలు తీసుకోకూడదా?" అని వదిన అడిగింది.

"రూలు మీరే రాశారుగా వదినా. డీఎన్ఏకి ఎప్పుడూ కుడి మధ్య కాలే. ఫ్రేము కట్టించి మరీ గోడకి పెట్టారు" అంది మరదలు.

"ఆ రూలు ఆరు కాళ్లున్నవాటికమ్మా. దీనికున్నవే ఐదు. కుంటిదాన్ని పట్టుకుని ఇంకా కుంటిదాన్ని చేస్తున్నారు" అన్నాడు తాళాలాయన.

"నువ్వు రిజిస్టరు రాయవయ్యా" అంది వదిన.

మరదలు పట్టకారు దగ్గరికి తెచ్చింది. కందిరీగ కాలు మామూలుగా తెగుతుంది. ఇది తగలగానే ఊడి వచ్చింది. మరదలు దాన్ని ట్యూబులో వేసి మూత పెట్టింది. వదిన కళ్లజోడు తీసి తుడుచుకుంది.

పదకొండున్నరకు మరదలు ఆ కాలును మైక్రోస్కోపు కింద చూసింది. ల్యాబు పుస్తకంలో ఆ తేదీ కింద ఆమె చేతిరాతలో ఇలా ఉంది: "కాలు మొదట్లో జిగురు. పాతది."

మధ్యాహ్నం రెండుంబావుకు ఆమె మళ్లీ పైకి వెళ్లింది. అప్పుడు వదిన భోజనానికి వెళ్లి ఉంది. ఫారంలో రెండు కాళ్ల వరకు అనుమతి ఉంది. మరదలు ఎడమ వెనక కాలు తీసుకుంది. అది తెగింది. రిజిస్టరులో తాళాలాయన సంతకం ఉంది. వదిన ఆ పేజీ మళ్లీ చూడలేదు.

*

జిగురు సంగతి ఇది.

ఇరవై రెండేళ్ల కిందట తమ్ముడు, మరదలు పెళ్లయిన ఆరు నెలలకు ఒక అడవికి వెళ్లారు. మరదలు అప్పటికి రసాయన శాస్త్రం చదువుతోంది. ఒక ఆకు మీద గొంగళిపురుగు కనిపించింది. తమ్ముడు దాన్ని వదిలేద్దామన్నాడు. మరదలు తెచ్చింది. జామ్ సీసాలో ఆకులు వేసి, మూతకు చిల్లులు పొడిచి, వంటింటి కిటికీలో పెట్టింది. పదిహేడు రోజులు ఆకులు మార్చింది. పద్దెనిమిదో రోజు పురుగు చచ్చి, లోపలి నుంచి రెండు కందిరీగలు వచ్చాయి. ఆమె రెండింటినీ ఒకే చిన్న సీసాలో స్పిరిట్ పోసి పెట్టింది. ఒక చీటీ రాసి లోపల వేసింది. చీటీలో తేదీ, చోటు, "ఒకే పురుగు నుంచి రెండు" అన్న మాట, కింద "పెంచింది" అని తన పేరు ఉన్నాయి.

తమ్ముడు సీసాను అక్కకు ఇచ్చాడు.

వదినకు ఆ పెళ్లి ఇష్టం లేదు. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా చేసుకున్నారు. సీసా మూత తీసి చీటీ చదివింది. అప్పుడు గదిలో తాళాలాయన ఉన్నాడు. ఆమె అన్న మాట అతనికి గుర్తుంది: "వంటింట్లో సీసా పెట్టినంత మాత్రాన సేకర్తలైపోరు." చీటీని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేసింది. చదవడం అయితే చదివింది గానీ, ఎవరి పేరుందో చూసిందే తప్ప మిగతాది మనసుకు ఎక్కించుకోలేదు. తమ్ముడి పేరు ఒక్కటే వేసి కొత్త లేబుల్ అచ్చు వేయించింది.

సూది మీది లేబుల్ ఎప్పటికీ తీయకూడదని భద్రశాలలో చేరినవాళ్లకు మొదటి రోజే చెబుతారు. తప్పు లేబుల్ అయినా తీయరు, దాని కింద ఇంకోటి గుచ్చుతారు. వదిన ఈ మాట వందమందికి చెప్పి ఉంటుంది. ఆ చీటీ సూది మీద లేదు, సీసాలో ఉంది.

రెండు కందిరీగల్లో ఒకదానికి తల ఊడిపోయింది. రెండోదానికి తల ఉంది గానీ మధ్య కాళ్లు రెండూ లేవు. కొత్త ప్రజాతికి గుర్తు మధ్య కాలి చివర ఉన్న ఏడు ముళ్ల వరస. ఆ కాలు లేకుండా వ్యాసం అచ్చు కాదు. వదిన తల లేనిదాని నుంచి కుడి మధ్య కాలు తీసి, తల ఉన్నదానికి అతికించింది. మిగిలినదాన్ని పారేసింది. వ్యాసంలో ఈ సంగతి రాయలేదు. తన సొంత నోటు పుస్తకంలో ఒక్క వాక్యం రాసుకుంది.

రెండూ ఒకటే రకమో, రెండు రకాలు కలిసి సీసాలో పడ్డాయో ఆమెకు తెలియదు. తమ్ముణ్ని అడిగితే కాలు సంగతి బయటపడుతుంది. మరదలిని అడగడం ఆమెకు తట్టనే లేదు.

*

పదకొండు రోజుల తర్వాత శనివారం ఫలితాలు వచ్చాయి. రెండు కాళ్లనూ ప్రతిసారీ కలిపే మిషన్‌లో నడిపారు. రెండూ నాలుగింటి కొమ్మ మీదే పడ్డాయి. తల్లి నుంచి పిల్లలకు వచ్చే జన్యువులో ఆరు వందల యాభై ఎనిమిది అక్షరాలు పోల్చారు. మధ్య కాలికీ వెనక కాలికీ ఒక్క అక్షరం తేడా లేదు. మరదలు రెండు కాగితాలు ప్రింటు తీసింది. మధ్య కాలిది వదినకు పంపింది. వెనక కాలిది ఫైల్లో పెట్టుకుంది.

సోమవారం ఉదయం వదిన కిందికి దిగి ల్యాబుకు వచ్చింది. ఎనిమిదేళ్లలో ఆమె ఆ గదిలోకి రావడం అది మూడోసారి. కాగితం చేతిలో ఉంది.

"కూర్చోండి వదినా."

"ఇందులో పొరపాటుకి ఎంత వీలుంది?"

"దేంట్లో?"

"ఇదే. ఇంకోదాని డీఎన్ఏ కలిసిపోవడం, ట్యూబు మారిపోవడం. మీ మిషన్లకి అలాంటివి మామూలేగా."

"మా మిషన్లకి మామూలే. అందుకే మూడుసార్లు నడిపాం. మూడుసార్లూ ఇదే వచ్చింది."

వదిన కాగితం మడిచింది, మళ్లీ విప్పింది.

"వాడి పేరు పోతుంది, తెలుసా నీకు?"

"తెలుసు."

"నీ మొగుడి పేరు."

"ఎవరి మొగుడో నాకు ఇంకా గుర్తుంది వదినా. దినం రోజు మీరు గుర్తు చేశారుగా, నన్ను కట్టుకోకపోతే వాడు బతికేవాడని. పదిమందిలో చెప్పారు."

"పంతొమ్మిదేళ్ల నాటి మాట ఇప్పుడెందుకు?"

"మీరే తెచ్చారు ఆయన పేరు."

ట్యూబులు గిర్రున తిప్పే సెంట్రిఫ్యూజ్ ఆగింది. మరదలు లేచి అందులోంచి ట్యూబులు తీసి స్టాండులో పెట్టింది. వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"కాలు దానిదే కదా వదినా?"

"ఏంటీ?"

"మేం తీసిన కాలు. ఆ కందిరీగదే కదా?"

ల్యాబులో పనిచేసే ఇద్దరు అక్కడున్నారు. వాళ్లు చెప్పిన ప్రకారం వదిన స్టాండులోని ట్యూబులు చూస్తూ నిలబడింది.

"దానిదే" అంది.

"ఐతే ఇంకేముంది. కాలు ఎటు పోతే ఒళ్లూ అటే. గురువారం కమిటీలో పెడతాను."

వదిన మెట్లెక్కి వెళ్లిపోయింది. ఆమె కాగితం బల్ల మీదే మర్చిపోయింది. మరదలు దాన్ని తీసుకుని, ఒకరి చేత పైకి పంపించింది.

మంగళవారం, బుధవారం వదిన డెబ్బై మూడో సొరుగు ముందే కూర్చుంది. కందిరీగ రెక్కల ఈనెలు కొలిచింది. నడుము వంపు కొలిచింది. తొమ్మిది రకాలతో ఒకటొకటిగా పోల్చింది. బుధవారం సాయంత్రం ఐదింటికి తాళాలాయన గది మూయడానికి వచ్చాడు.

"ఇంకా చూస్తున్నారా? అది కూడా మిమ్మల్ని చూసి చూసి విసిగిపోయుంటుంది."

"ఇటు రా. ఈ రెక్క చూడు. ఇది తొమ్మిదింటి రెక్కలా లేదూ?"

"నాకు అన్నీ ఈగల్లాగే కనిపిస్తాయి మేడమ్. ముప్ఫై నాలుగేళ్లయింది, ఇంకా అలాగే."

"ఒళ్లు తొమ్మిదింటి వైపే ఉంది. కాలొక్కటే తప్పు" అంది వదిన. తర్వాత, "కాలు నేనే అతికించాను" అంది.

తాళాలాయన తలుపు దగ్గరగా వేశాడు.

"ఎవరితో అన్నారు?"

"నీతోనే."

"ఐతే నేను వినలేదు. ఏడు నెలల్లో నేనెళ్లిపోతాను, నాలుగేళ్లలో మీరెళ్లిపోతారు. దాని గురించి మీరు నోరు విప్పకపోతే ఇంకెవరు విప్పుతారు?"

"విప్పకపోతే వాడి పేరు పోతుందిరా."

ఆమె అతన్ని 'రా' అనడం అదే మొదటిసారి అని తాళాలాయన చెప్పాడు. రెండో కాలు సంగతి ఆమెకు చెప్పాలని అతనికి తోచలేదు. కాలు తీయడం అక్కడ రోజూ జరిగే పని.

*

గురువారం ఉదయం పదకొండింటికి కమిటీ కూర్చుంది. డైరెక్టరు, ఇద్దరు సభ్యులు, వదిన, మరదలు. మరదలు వంశవృక్షం తెర మీద వేసింది. తొమ్మిది రకాల కొమ్మ చూపించింది, నాలుగు రకాల కొమ్మ చూపించింది. మూల నమూనా నాలుగింటి వైపు ఉందని చెప్పింది. ఎనిమిది నిమిషాలు మాట్లాడింది.

"కీపరుగారు ఏమైనా అంటారా?" అని డైరెక్టరు అడిగాడు.

వదిన లేచి నిలబడింది. సంచిలోంచి పాత నోటు పుస్తకం తీసి, తెరిచిన పేజీ డైరెక్టరు ముందు పెట్టింది.

"ఆ కాలు ఆ కందిరీగది కాదు. సీసాలో ఉన్న ఇంకోదానిది. నేనే అతికించాను. వ్యాసంలో రాయలేదు. ఇక్కడ తేదీ ఉంది."

డైరెక్టరు పేజీ చదివి పక్కవాళ్లకు ఇచ్చాడు. ఒక సభ్యుడు అది రెండుసార్లు చదివాడు.

"మూల నమూనాకి అతికించారా?" అన్నాడు డైరెక్టరు.

"అవును."

"వేరే జీవి కాలు."

"అవును సార్."

"మీ చేతి మీదుగా నలభై వేల నమూనాలు నడిచాయి. ఇంకెన్నింటికి అతికించారు?"

"ఇదొక్కటే."

"ఆ మాట నేను నమ్మొచ్చు. బయటివాళ్లు ఎందుకు నమ్ముతారు? రేపు ప్రతి సొరుగూ తెరిచి చూడమంటారు. మీరు ప్రకటించిన రకాలన్నీ మళ్లీ మొదట్నుంచి చూడాలి."

"చూడండి. తాళంచెవులు ఇప్పుడే ఇచ్చేస్తాను. నాకొక్కటే కావాలి. కాలు తప్పు గాని ఒళ్లు సరైందే. ఒంటి నుంచి తీసి మళ్లీ పరీక్ష చేయించండి. అది తొమ్మిదింటిలోకి వస్తుంది. నేను కొలిచాను."

ఆమె మాట పూర్తయ్యేదాకా మరదలు ఆగింది. తర్వాత ఫైలు తెరిచి ఒక కాగితం బల్ల మీద పెట్టి, వేలితో వదిన వైపు జరిపింది.

"చేశాం మేడమ్."

అది ఎడమ వెనక కాలి ఫలితం. వదిన కూర్చుని చదివింది. డైరెక్టరు చెయ్యి చాపాడు, ఆమె ఇవ్వలేదు. చదవడం అయ్యాక ఇచ్చింది.

"రెంటికీ తేడా లేదే" అన్నాడు డైరెక్టరు.

"లేదు సార్. రెండూ అక్కాచెల్లెళ్లు. ఒకే పురుగులోంచి వచ్చాయి. రెక్కలు తొమ్మిదింటిలా ఉండటం నిజమే, అవి కూడా అదే పురుగుల్ని తింటాయి. ఒకటే తిండి, ఒకటే బతుకు. పోలిక వచ్చింది, చుట్టరికం లేదు."

"దీని మీద తేదీ శనివారంది."

"అవును సార్."

"సోమవారం మీ దగ్గరికి వచ్చినప్పుడే కీపరుగారికి ఎందుకు చెప్పలేదు?"

"ఆవిడ అడగలేదు. కాలు దానిదేనా అని నేనడిగాను. దానిదే అన్నారు. ల్యాబులో ఇద్దరు విన్నారు."

వదిన మరదలి వైపు తిరిగింది.

"అక్కాచెల్లెళ్లని నీకు శనివారం తెలిసిందా?"

"ఇరవై రెండేళ్లుగా తెలుసు. వాటిని పెంచింది నేను. చీటీలో రాశాను కూడా."

సభ్యుల్లో ఒకరు ఏ చీటీ అని అడిగారు.

"నేను నోరు విప్పకపోతే ఈ కాలు సంగతి ఎప్పటికీ ఎవరికీ తెలిసేది కాదు" అంది వదిన.

"తెలిసేది కాదు. జిగురు కనిపిస్తుంది గానీ, కాలు ఎవరిదో ఏ పరీక్షా చెప్పదు."

"నేను ఒప్పుకున్నా వాడి పేరు నిలవదని తెలిసే కూర్చున్నావు."

"పేరు ఎలాగూ పోతుంది మేడమ్. మీరు ఒప్పుకున్నా పోతుంది, ఒప్పుకోకపోయినా పోతుంది."

"నీకు వాడి మీద కూడా జాలి లేదా?"

మరదలు తెర మీది వంశవృక్షం ఆపేసి కంప్యూటరు మూసింది.

"ఆ చీటీ ఉంచి ఉంటే మీరు ఇవాళ లేచి నిలబడేవారు కాదు" అంది.

పన్నెండు ఇరవై ఐదుకు వదిన తాళంచెవులు డైరెక్టరు బల్ల మీద పెట్టింది. పదకొండు చెవులు. రసీదు మీద సంతకం చేసింది. బల్ల మీద ఉన్న తమ్ముడి ఫోటో, కళ్లజోడు పెట్టె, గొడుగు తీసుకుంది. గోడ మీది ఫ్రేము సంస్థది, అది ఉండిపోయింది. గేటు దగ్గర తాళాలాయన ఆమె సంచి అందుకోబోయాడు.

"రెండో కాలు తీసినప్పుడు సంతకం నీదేగా?" అని ఆమె అడిగింది.

"నాదే మేడమ్."

"ఒక్క మాట చెప్పి ఉంటే."

"రిజిస్టరులో రాశాను మేడమ్. మీరే రాయమన్నారు."

ఆమె సంచి ఇవ్వకుండా వెళ్లిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి తాళాలాయన డెబ్బై మూడో సొరుగు తెరిచాడు. కొత్త కీపరు ఇంకా రాలేదు కాబట్టి పని మరదలు చేసింది. వదిన వేయించిన లేబుల్‌ను రూలు ప్రకారం సూది మీదే ఉంచింది. దాని కింద ఇంకో లేబుల్ గుచ్చింది. అందులో తేదీ, చోటు, "ఒకే పురుగు నుంచి రెండు", "పెంచింది" అని ఆమె పేరు ఉన్నాయి. దాని కింద మూడో లేబుల్ గుచ్చింది. అందులో అరవై ఏళ్ల ముందటి పాత పేరు ఉంది.

తొమ్మిది రకాల కొమ్మకు ఇప్పుడు పేరు లేదు. కొత్త ఇంటిపేరు పెట్టే హక్కు ఆ వంశవృక్షం గీసినవాళ్లది. అందుకోసం ఒక ఫారం ఉంటుంది. మరదలు దాన్ని శుక్రవారం నాలుగు పదికి ఆఫీసులో ఇచ్చింది. గుమాస్తా ముద్ర వేశాడు. పేరు రాయాల్సిన గడి ఖాళీగా ఉందని అతను చెప్పాడు.